సీటు దొరికే చోటు

ఆదివారం పొద్దున ఏడున్నరకి, ఆ ఇంట్లో ఉన్న ఒకే ఒక్క నిలువుటద్దం ముందు ముగ్గురు తోసుకుంటున్నారు. నర్సమ్మ జడ వేసుకుంటోంది. ఆమె భర్త మొహం అటూ ఇటూ తిప్పి, గడ్డం ఎక్కడైనా మిగిలిపోయిందేమోనని చూసుకుంటున్నాడు. తొమ్మిదేళ్ళ కూతురు వాళ్ళ మోచేతుల కిందనుంచి తల దూర్చి, తలపిన్ను సరిగ్గా ఉందో లేదో చూసుకుంటోంది. నాలుగో మనిషి పెద్దాయన గంట ముందే తయారై గుమ్మం దగ్గర కుర్చీలో కూర్చున్నాడు.

"బండి కదులుతోంది! ఎక్కేవాళ్ళు ఎక్కండి, ఎక్కనివాళ్ళు వెనక బండికి రండి!" అని కేకేశాడు.

ముప్ఫై ఒక్క ఏళ్ళు సిటీ బస్సు నడిపిన మనిషి. రిటైరై ఎనిమిదేళ్ళయినా నోట్లోంచి బస్సు దిగలేదు. మనవరాలు పుట్టినప్పుడు ఆసుపత్రిలో చేతిలోకి తీసుకుని "హాఫ్ టికెట్ వచ్చిందర్రా" అన్నాడు. అదే ఆ పిల్లకి ముద్దుపేరైపోయింది. కోడలిని మాత్రం వీధిలో అందరిలాగే "నర్సమ్మా" అనేవాడు. ఆమె ఊళ్ళోని పెద్దాసుపత్రి ఆపరేషన్ థియేటర్లో నర్సు. డాక్టరు చెయ్యి చాపేలోగా ఆ చేతిలో ఏ పరికరం పడాలో తెలిసుండాలి. కేసు ఎన్ని గంటలు సాగితే అన్ని గంటలూ నిలబడే ఉండాలి.

వాళ్ళిప్పుడు ఇల్లు వెతుక్కుంటున్నారు. పదకొండేళ్ళుగా అద్దెకుంటున్న ఇంటి యజమానులు మంచివాళ్ళే. అయితే వాళ్ళబ్బాయి కాపురం పెడుతున్నాడట. "ఏమీ అనుకోకండి, రెండు నెలల్లో చూసుకోండి" అని ఎంతో మొహమాటపడుతూ చెప్పి వెళ్ళారు. ఊరి నడిబొడ్డున ఇంకో ఇల్లు తీసుకునే స్తోమత లేదు. ఇక మిగిలింది ఊరిచుట్టూ పెరిగిన కాలనీలు. ఏ దారిన వెళ్ళినా నీలాకాశం బొమ్మ వేసిన బోర్డులే. ప్రతి బోర్డు మీదా ఒక నవ్వే కుటుంబం. నెలరోజుల్లో పది కాలనీలు తిరిగి, చివరికి మూడు దగ్గర ఆగారు. వాటికి ఇంట్లో పెట్టుకున్న పేర్లు వేరు. ఒకటి చెరువు ఇల్లు. రెండోది ఆడపడుచు వాళ్ళవైపు ఇల్లు, పడమటి కాలనీలో. మూడోది ఉత్తరాన కొత్త బస్సు డిపో వెనక ఇల్లు. ఆ మూడోదాన్ని పెద్దాయన చూపించాడు. వెళ్ళి చూసి, మర్యాదకి తలూపి వచ్చారు.

ఆ ఆదివారం చెరువు ఇంటికి వెళ్ళారు.

మూడో అంతస్తు. తలుపు తియ్యగానే గాలి ఎదురొచ్చింది. హాఫ్ టికెట్ నేరుగా బాల్కనీలోకి పరిగెత్తి, "అమ్మా, బాతులు! నిజం బాతులు!" అని అరిచింది. భర్త గదులు అడుగులతో కొలుస్తున్నాడు. నర్సమ్మ వంటింట్లోకి వెళ్ళి అక్కడే నిలబడిపోయింది. గిన్నెలు కడిగే తొట్టి పైన కిటికీ. కిటికీలోంచి చెరువు. ఎండ నీళ్ళమీద పడి పైకప్పుమీద కదులుతోంది.

పదిహేడో ఏట నర్సింగు హాస్టల్లో చేరినప్పుడు గదికి ఆరు మంచాలు. పెళ్ళయ్యాక వచ్చిన ఇంట్లో వంటింటికి అరచేయంత వెంటిలేటరు. తన చేతులతో ఇన్నేళ్ళలో ఎన్ని గిన్నెలు తోమిందో, అన్నీ గోడను చూస్తూనే తోమింది. ఆమె తొట్టి అంచు పట్టుకుని, "ఇదేనండీ" అంది భర్తతో. "ఇంకేం చూడక్కర్లేదు. ఇదే."

"నాక్కూడా ఇదే" అన్నాడతను.

పెద్దాయన కనబడలేదు. చూస్తే కింద, గేటు బయట బస్టాపులో నిలబడి ఉన్నాడు. పావుగంటకి పైకొచ్చాడు.

"ఎలా ఉంది నాన్నా?"

"బాగుంది. ఇల్లు బాగుంది. చెరువూ బాగుంది. కానీ మనకొద్దురా" అన్నాడు.

"ఎందుకు?"

"బస్సు సరిగ్గా లేదు."

"అదేంటి నాన్నా, పది నిమిషాలకొకటి ఉందని బ్రోకరు చెప్పాడుగా!"

"ఉండటం ఉంది" అని ఊరుకున్నాడు. భార్యాభర్తలు ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వుకున్నారు. ఈయనకి బస్సు తప్ప ఇంకేం కనబడుతుందిలే అనుకున్నారు.

*

మర్నాటినుంచి పెద్దాయన తీరు మారింది. నర్సమ్మ ఐదింటికి లేచేసరికి ఆయన మంచం ఖాళీగా ఉండేది. దుప్పటి నీటుగా మడతపెట్టి ఉండేది. ఆమె ఏడింటికి డ్యూటీకి బయల్దేరే వేళకి కూడా వచ్చేవాడు కాదు. హాఫ్ టికెట్‌ని రోజూ బడిలో దింపే పని ఆయనదే. అదిప్పుడు భర్త మీద పడింది.

"వాకింగ్‌కి వెళ్తున్నాను" అనేవాడు అడిగితే.

"నాలుగున్నరకి వాకింగా?"

"చల్లగా ఉంటుందమ్మా."

సాయంత్రాలు చూస్తే మొహం వాడిపోయి ఉండేది. కూర్చున్నవాడు లేవడానికి మోకాళ్ళమీద చేతులు ఊనేవాడు. నర్సమ్మకి అనుమానమొచ్చింది. డెబ్భైకి దగ్గరపడుతున్న మనిషి. మతిమరుపేమైనా మొదలైందా? ఆసుపత్రిలో అలాంటివాళ్ళని ఎంతమందిని చూడలేదు తను! పాత డ్యూటీ టైముకి లేచి, పాత దారులు పట్టి వెళ్ళిపోయేవాళ్ళని!

వారం గడిచాక ఆడపడుచు ఫోన్ చేసింది. భర్తకి అక్క. గొంతు పెద్దది, మనసు అంతకన్నా పెద్దది.

"అమ్మాయ్, నాన్న నిన్న పొద్దున ఆరింటికి మా కాలనీ బస్టాపులో ఉన్నాడు. మావాళ్ళు చూశారు. ఇంటికి రాలేదు. మా గుమ్మం దాటుకుని వెళ్ళి బస్సెక్కాడట! నేను ఫోన్ చేసి, 'ఏం నాన్నా, మా వైపుకొచ్చి ఇల్లు తీసుకోండి, నా కళ్ళముందుంటారు' అంటే, 'లేదులేమ్మా, మీ వైపు కుదరదు' అన్నాడు. నా మొహంమీదే! ఇంతకీ ఆయనకేం కావాలట?"

"ఏమో వదినా, నాకూ అర్థం కావడం లేదు."

"ఆ డిపో ఇల్లే కావాలేమో. చచ్చేదాకా ఆ డీజిల్ వాసన వదలదు ఆయన్ని."

నర్సమ్మకి నవ్వు రాలేదు. నిజమేనేమో అనిపించింది. ఆ డిపో ఇల్లు ఎలా ఉందో తలుచుకుంది. రెండో అంతస్తు, ఇరుకు బాల్కనీ, వంటింటి కిటికీ తీస్తే ఎదురుగా వరసగా బస్సుల వెనక భాగాలు.

బుధవారం సాయంత్రం చెరువు ఇంటివాళ్ళు ఫోన్ చేశారు. శనివారంలోగా మాట చెప్పకపోతే వేరేవాళ్ళకి ఇచ్చేస్తామన్నారు. భర్త కళ్ళద్దాల దుకాణం నుంచి అప్పుడే వచ్చాడు. అతను దుకాణం వెనకగదిలో, ఫ్రేముకి తగ్గట్టు అద్దాలు అరగదీసే పని చేస్తాడు. చొక్కా నిండా సన్నటి తెల్లపొడి. కాళ్ళు కూడా కడుక్కోకుండానే, "నాన్నా, శనివారం వెళ్ళి అడ్వాన్సు ఇచ్చేద్దామా?" అన్నాడు.

పెద్దాయన పేపరు మడిచి పక్కన పెట్టాడు.

"వద్దురా. డిపో వెనక ఇల్లు తీసుకుందాం."

"కారణం చెప్పండి మామయ్యా" అంది నర్సమ్మ వంటింటి గుమ్మంలోంచి. ఒక పాదంతో రెండో కాలి పిక్క రాసుకుంటూ నిలబడింది.

"చెప్పానుగా అమ్మా. బస్సు."

"బస్సు, బస్సు, బస్సు!" అంది ఆమె. ఆ రోజు థియేటర్లో మూడు కేసులు. ఓపిక ఎప్పుడో అయిపోయింది. "చెరువు దగ్గర బస్సుంది. వదినగారి వైపూ ఉంది. బస్సు లేనిది ఎక్కడ? మీకు కావలసింది డిపో. పొద్దున లేచి కిటికీ తీస్తే మీకు బస్సులు కనబడాలి. ఆ మాట చెప్పండి, పోనీ!"

"అది కాదమ్మా..."

"మరేంటి? పదిరోజులుగా ఎక్కడికి వెళ్తున్నారో చెప్పరు. అడిగితే వాకింగంటారు. కూతురి ఇంటి ముందునుంచి వెళ్తూ తలుపు కూడా తట్టలేదట. నేనిక్కడ మీకేమైందోనని బెంగపడి చస్తున్నాను! మామయ్యా, నేను పుట్టి బుద్ధెరిగి ఒక్కసారి కూడా, ఇక్కడుంటాను అని నోరు తెరిచి అడగలేదు. హాస్టల్లో పడుకోమన్న మంచంమీద పడుకున్నాను. పెళ్ళయ్యాక మీరున్న ఇంటికొచ్చాను. ఇప్పటికి ఒక్క ఇల్లు నచ్చింది. దాన్ని కూడా కాదంటారు. ఇల్లంటే బస్సు కాదు మామయ్యా, మీరు స్టీరింగ్ తిప్పినవైపల్లా తిరగడానికి!"

అనేసింది. భర్త తలొంచుకున్నాడు. లెక్కలు చేసుకుంటున్న హాఫ్ టికెట్ పెన్సిలు పట్టుకుని అలాగే ఉండిపోయింది.

పెద్దాయన నోరు తెరిచాడు. ఏదో చెప్పబోయాడు. కోడలి మొహం చూశాడు, కింద ఆమె పాదాలవైపు చూశాడు, వెంటనే చూపు తిప్పేసుకున్నాడు.

"నీ ఇష్టమేనమ్మా" అన్నాడు చివరికి. "నువ్వెక్కడ అంటే అక్కడే. శనివారం వెళ్ళి ఇచ్చేసి రండి." లేచి వెనక వరండాలోకి వెళ్ళిపోయాడు.

గెలిచిన ఆనందం లేదు ఆమెకి. అంత తేలిగ్గా ఒప్పుకున్నాడంటే ఆయన మాటలో ఏదో ఉందేమోనన్న దిగులు మొదలైంది. దానిమీద పంతం కూడా వచ్చింది.

"రేపు తెల్లవారుజామున నన్ను స్కూటర్‌మీద చెరువు కాలనీలో దింపండి" అంది భర్తతో. "అక్కణ్ణించి బస్సులో డ్యూటీకి వెళ్తాను. ఆ బస్సులో ఏం లేదో నా కళ్ళతో చూస్తాను. ఏమీ లేకపోతే మామయ్య కూడా ఇక మనసులో పెట్టుకోరు."

*

ఆరు కావడానికి పది నిమిషాలుందనగా భర్త ఆమెను చెరువు కాలనీ స్టాపులో దింపి వెళ్ళిపోయాడు. చెరువుమీద పల్చగా మంచు. బాతులింకా లేవలేదు. ఆమె పేర్చుకున్న టిఫిన్ డబ్బాల సంచీ భుజాన సర్దుకుంటూ, ఎంత బాగుంది అనుకుంది. రోజూ ఇక్కడ నిలబడొచ్చు అనుకుంది.

ఆరుగంటల బస్సు ఆగలేదు. ఫుట్‌బోర్డు మీద వేలాడుతున్న మనుషుల్ని చూపిస్తూ డ్రైవరు చెయ్యి ఊపి వెళ్ళిపోయాడు. ఆరు పది బస్సు ఆగింది. స్టాపులో ఉన్న పాతికమందీ ఒక్కసారిగా తలుపువైపు కదిలారు. ఆమె ఎలా ఎక్కిందో ఆమెకే తెలియదు. ఎవరి మోచెయ్యో పక్కటెముకల్లో దిగింది. సంచీ వెనక ఎక్కడో ఇరుక్కుంది. పై కమ్మీ అందితే దాన్ని పట్టుకుని, ఒక పాదం పూర్తిగా, ఇంకో పాదం సగం ఆనించి నిలబడింది.

ఈ లైనులో చెరువు కాలనీ తొమ్మిదో స్టాపు. బస్సు ఇంకా పైన మూడు పెద్ద కాలనీల్లో నిండి ఇక్కడికొస్తుంది. ఆదివారం పదింటికి చూసినవాళ్ళకి ఈ సంగతి ఎలా తెలుస్తుంది?

అరగంటకి పిక్కల్లో లాగుడు మొదలైంది. ముప్పావుగంటకి ఆ లాగుడు మోకాలి వెనక్కి ఎక్కింది. బస్సు వంతెన దగ్గర ట్రాఫిక్‌లో ఆగిపోయింది. నలభై దాటిన కండక్టరమ్మ జనంలోంచి ఈదుకుంటూ వచ్చి టికెట్ చింపి ఇస్తూ, ఆమె సంచీమీద ఆసుపత్రి గుర్తు చూసింది.

"పెద్దాసుపత్రా? నర్సమ్మగారా?" అంది. "ఆపరేషన్ థియేటర్లో చేస్తారా?"

"అవునండీ. మీకెలా తెలుసు?"

"మా డ్రైవరుగారి కోడలు మీరేనన్నమాట!" కండక్టరమ్మ మొహం వెలిగిపోయింది. "నేను ఉద్యోగంలో కొత్తగా చేరినప్పుడు ఆయన బండిలోనే పని నేర్చుకున్నాను. పోయిన వారం సోమవారం చెరువు కాలనీ స్టాపులో ఎక్కితే గుర్తుపట్టాను. నాలుగురోజులు ఎక్కారు వరసగా."

నర్సమ్మ కమ్మీని ఇంకొంచెం గట్టిగా పట్టుకుంది. "ఈ బస్సా? ఎందుకు?"

"నేనూ అదే అడిగాను. పెద్దవాళ్ళ సీటు ఖాళీ చేయించి కూర్చోమంటే కూర్చోరు! 'ఈ వయసులో ఇదేం పట్టుదల గురువుగారూ, పడిపోతారు' అంటే ఏమన్నారో తెలుసా? 'మా కోడలు పొద్దుటినుంచీ సాయంత్రం దాకా నిలబడే పని చేస్తుందమ్మా. ఇక్కడ ఇల్లు తీసుకుంటే ఆమెకి పొద్దున కూర్చోడానికి సీటు దొరుకుతుందా లేదా, దొరక్కపోతే ఎంతసేపు నిలబడాలి, అది తెలుసుకోవాలి. కూర్చుంటే ఎలా తెలుస్తుంది?' అన్నారు. పడమటి కాలనీనుంచి కూడా ఎక్కి చూశారట. అక్కడ సీటు దొరుకుతుంది గానీ రెండు బస్సులు మారాలట, రెండోది ఇంతకన్నా ఘోరమట. ఇక మా డిపో వెనక కాలనీ ఉంది చూశారూ..." ఎవరో వెనకనుంచి టికెట్ అని అరిచారు. "అక్కడైతే బస్సు అక్కడే బయల్దేరుతుంది. ఏ సీటు కావాలంటే ఆ సీటు. ఎక్కడా మారక్కర్లేదు, మీ ఆసుపత్రి గేటు ముందే దిగడం. 'ఇదమ్మా, ఇది దొరికింది' అని చిన్నపిల్లాడిలా సంబరపడ్డారు నాతో."

ఆమె వెళ్ళిపోయింది. నర్సమ్మ అలాగే వేలాడుతూ ఉంది. కళ్ళలో నీళ్ళు తిరిగితే తుడుచుకోడానికి చెయ్యి ఖాళీ లేదు. అరవై తొమ్మిదేళ్ళ మనిషి ఇక్కడ, ఈ కమ్మీ పట్టుకుని, నాలుగురోజులు! సాయంత్రం మోకాళ్ళమీద చేతులు ఊని లేచింది అందుకా! తను మతిమరుపనుకుంది. డీజిల్ వాసన మీద మోజనుకుంది.

గంటా ఇరవై నిమిషాలు పట్టింది. ఆసుపత్రి గేటు ముందు దిగేసరికి ఆమె ఒకరోజు పని అప్పుడే చేసేసినట్టుంది. ఆ రోజు పెద్ద కేసు. నాలుగు గంటలు. మూడో గంటలో కుడి పిక్క రాయిలా బిగుసుకుపోయింది. పళ్ళు బిగపట్టి, చెయ్యి వణక్కుండా పరికరాలు అందిస్తూనే ఉంది. మాస్కు వెనక ఆమె పెదవులు కొరుక్కుంటోందని ఎవరికీ తెలియలేదు.

*

సాయంత్రం ఇంటికొచ్చేసరికి పెద్దాయన వెనక వరండాలో కూర్చుని, హాఫ్ టికెట్ బడి సంచీకి ఊడిపోయిన పట్టీ కుడుతున్నాడు. సూదిలో దారం మందంగా ఉంది. ఆమె చెప్పులు విడిచి, కాళ్ళకి వేసుకునే బిగుతు మేజోళ్ళు కూడా తియ్యకుండా, నేరుగా వెళ్ళి ఆయన ఎదురుగా మెట్టుమీద కూర్చుంది.

"ఈవాళ చెరువు కాలనీనుంచి డ్యూటీకి వెళ్ళాను మామయ్యా" అంది.

ఆయన సూది ఆగింది. "ఎందుకమ్మా?"

"మీరు చెప్పింది తప్పని చూపిద్దామని. కండక్టరమ్మ అంతా చెప్పింది. నాలుగు రోజులు నిలబడ్డారట. ఎందుకు మామయ్యా? నాతో ఒక్కమాట చెప్తే ఏం పోయింది? అన్నేసి మాటలన్నాను మిమ్మల్ని!"

"ఏమని చెప్పనమ్మా? మామగారు కూర్చుని కోడలి కాళ్ళ నొప్పుల గురించి మాట్లాడితే ఏం బాగుంటుంది? పైగా నీకా ఇల్లు నచ్చింది. పైకొచ్చినప్పుడు వంటింట్లో నీ మొహం చూశాను. నీ ఆశమీద నీళ్ళు చల్లడానికి నోరు రాలేదు."

"మరి వద్దన్నారుగా?"

"వద్దనకుండా ఉండలేకపోయాను." సంచీ పక్కన పెట్టాడు. పెరటి గోడవైపు తిరిగాడు. లోపల, దుకాణంనుంచి వచ్చిన కొడుకు గుమ్మం దగ్గర ఆగిపోవడం ఆయన చూడలేదు.

"మీ అత్తయ్యని నువ్వు చూడలేదు. నీ పెళ్ళికి రెండేళ్ళ ముందే పోయింది. స్పిన్నింగు మిల్లులో పనిచేసేది. అక్కడా నిలబడే పనే. పెళ్ళైన కొత్తలో ఇల్లెక్కడ తీసుకోవాలా అని వెతికి, నేను మా పాత డిపో పక్కన తీసుకున్నాను. నాలుగడుగులేస్తే నా డ్యూటీ. ఆవిడ మిల్లు ఊరికి అవతలి చివర. పొద్దున గంటన్నర, సాయంత్రం గంటన్నర. రెండు బస్సులు. ఇరవై రెండేళ్ళు తిరిగింది."

నర్సమ్మ మెట్టుమీద ఇంకొంచెం ముందుకి జరిగింది.

"వెయ్యిమందిని రోజూ టైముకి పనిలో దింపేవాడినమ్మా నేను. దానికి డిపోలో నన్ను పొగిడి దండ కూడా వేశారు. నా పెళ్ళాం ఎక్కే బస్సు మాత్రం ఒక్కసారి ఎక్కి చూడలేదు. సీటు దొరుకుతోందా అని అడగలేదు. ఆవిడా చెప్పలేదు. ఇంటికొచ్చి వంటింటి గుమ్మంలో నిలబడి, ఒక పాదంతో రెండో పిక్క రాసుకునేది. నాకు కనబడేది. కనబడినా పట్టించుకోలేదు. నువ్వూ అచ్చం అలాగే నిలబడతావమ్మా. పదకొండేళ్ళుగా చూస్తున్నాను. ఈసారైనా ముందు ఎక్కి చూద్దామనిపించింది. అంతే."

ఆమె రెండు చేతుల్లో మొహం దాచుకుని ఏడ్చేసింది. ఆయన కంగారుపడి, "అయ్యో, ఏంటమ్మా ఇది, ఊరుకో, పిల్ల చూస్తే భయపడుతుంది" అన్నాడు. ఆయన కళ్ళూ తడిగానే ఉన్నాయి. ఆమె ఆయన చెయ్యి తీసుకుని కళ్ళకి అద్దుకుంది.

"నన్ను కన్న నాన్న కూడా నాకోసం ఇంత చెయ్యలేదు మామయ్యా. నేను అదృష్టవంతురాల్ని. ఆ సంగతి నాకు ఇన్నాళ్ళూ తెలియలేదు, అంతే."

"ఒక్కమాట" అన్నాడు గుమ్మంలోంచి కొడుకు. వాళ్ళిద్దరూ ఉలిక్కిపడ్డారు. అతను కళ్ళద్దాలు తీసి చొక్కా అంచుతో తుడుస్తున్నాడు. ఆ చొక్కా నిండా పొడే, ఎంత తుడిచినా ఇంకా మసకబారుతున్నాయి. "ఊళ్ళోవాళ్ళందరికీ చూపు బాగుచేసే పని నాది. ఇంట్లో అమ్మా కనబడలేదు, ఈవిడా కనబడలేదు. నన్నేమనాలి నాన్నా?"

"ఏమీ అనక్కర్లేదు. నువ్వు నా కొడుకువి, అంతే" అన్నాడు పెద్దాయన. ఏడుస్తూనే ముగ్గురూ నవ్వారు.

ఆ నవ్వు విని హాఫ్ టికెట్ పరిగెత్తుకొచ్చింది. సంగతంతా విని, మొహం కొంచెం వేలాడేసి, "మరి బాతులు?" అంది.

"బాతులెక్కడికీ పోవు. ఆదివారం బస్సులో సీట్లు ఖాళీగా ఉంటాయి. నిన్ను కిటికీ పక్కన కూర్చోబెట్టి తీసుకెళ్తా" అన్నాడు తాతయ్య.

"ప్రతి ఆదివారమా?"

"ప్రతి ఆదివారం."

నర్సమ్మ ఆ సాయంత్రమే ఆడపడుచుకి ఫోన్ చేసి అంతా చెప్పింది. అవతల చాలాసేపు చప్పుడు లేదు. ఆవిడ ఫోన్లో మాట్లాడకుండా ఉండటం ఆ కుటుంబంలో అదే మొదటిసారి. తర్వాత ముక్కు చీదిన శబ్దం వచ్చింది. "నాన్నకి మా వైపు రావాలని ఎంతుందో నాకు తెలుసమ్మాయ్. ఆయన స్నేహితులంతా ఇక్కడే ఉన్నారు. నీకోసం వదులుకున్నాడు. బాగా చూసుకో" అంది. మళ్ళీ వెంటనే, "నువ్వు చూసుకుంటావులే. నేను చెప్పాలా" అంది.

*

డిపో వెనక ఇంట్లో చేరి నాలుగు నెలలైంది. అదేమంత గొప్ప ఇల్లు కాదు. తెల్లవారుజామున ఇంజన్లు వేడెక్కించే చప్పుడుకి గాజు గ్లాసులు గలగలమంటాయి. కిటికీ అంచున రోజూ నల్లటి దుమ్ము. భర్త ఇప్పుడు ఇంకో పావుగంట ముందు బయల్దేరాలి, అయినా ఎప్పుడూ విసుక్కోలేదు. పెద్దాయన మనవరాలిని కొత్త బడికి నడిపించుకుంటూ వెళ్తాడు. దారిలో కనబడిన ప్రతి డ్రైవరుకీ పరిచయం చేస్తాడు. వారానికి రెండుసార్లు కోడలే ఆయన్ని పడమటి కాలనీ బస్సెక్కించి స్నేహితుల దగ్గరికి పంపిస్తుంది. వద్దన్నా వినదు.

ఆమె ఆరున్నరకి ఇల్లు దాటుతుంది. ఖాళీ బస్సులో ఎడమవైపు మూడో సీటులో కూర్చుంటుంది. చెప్పులు విడిచి, వేళ్ళు చాపుకుని, సంచీ ఒళ్ళో పెట్టుకుంటుంది. నలభై నిమిషాలు. రోజులో ఆమెకంటూ మిగిలే సమయం అదొక్కటే. కొన్నిరోజులు కునుకు తీస్తుంది. కొన్నిరోజులు ఊరికే బయటికి చూస్తూ, తన బతుకులో ఎవరెవరు తనకోసం ఏమేం చేశారో తలుచుకుంటుంది. ఎక్కడ మొదలుపెట్టినా ఆ ఆలోచన మామగారి దగ్గరికే వచ్చి ఆగుతుంది.

ఒక సాయంత్రం ఆమె ఇంటికి వచ్చి, కాఫీ కలిపి, ఆయనకో గ్లాసు ఇచ్చి పక్కన కూర్చుంది.

"మామయ్యా, ఈవాళ ఒక పని చేశాను. మీరు కోప్పడకూడదు."

"ఏంటమ్మా?"

"నా సీటు ఒకావిడకి ఇచ్చేశాను. అక్కడినుంచి నిలబడే వెళ్ళాను."

ఆయన కనుబొమలు ముడిపడ్డాయి. "పెద్దావిడా?"

"యాభై ఉంటాయేమో. రాత్రి డ్యూటీ చేసొచ్చింది పాపం. ఎక్కగానే కమ్మీ పట్టుకుని, ఒక పాదంతో రెండో పిక్క రాసుకుంటోంది. చూస్తూ కూర్చోలేకపోయాను."

"ఎక్కడ ఎక్కింది?"

"పాత స్పిన్నింగు మిల్లు స్టాపులో, మామయ్యా. మిల్లు ఎప్పుడో మూసేశారటగా. అక్కడిప్పుడు ఏవో ప్యాకింగు షెడ్లున్నాయి. స్టాపుకి మాత్రం ఇంకా ఆ పేరే ఉంది."

పెద్దాయన గ్లాసు కింద పెట్టాడు. కింద డిపోలో సాయంత్రం బస్సులు ఒక్కొక్కటే లోపలికొస్తున్నాయి. ఆయన వాటిని చూస్తూ చాలాసేపు కూర్చున్నాడు.

"కూర్చుందా?" అన్నాడు చివరికి, గొంతు చాలా చిన్నది చేసుకుని.

"కూర్చుంది మామయ్యా. కూర్చోగానే కళ్ళు మూసుకుని, 'హమ్మయ్యా' అంది."

ఆయన తలాడించాడు. మళ్ళీ తలాడించాడు. చొక్కా చేతితో కళ్ళు తుడుచుకుని, రెండో చెయ్యి కోడలి తలమీద పెట్టాడు.

"మంచి పని చేశావు తల్లీ" అన్నాడు.